రోగాలన్నీ గోడప్పకే

పోయిన వారం ఆస్పత్రిలో, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు, కొత్తగా చేరిన ఇద్దరు డాక్టరమ్మాయిలు డ్యూటీ గదిలో కూర్చుని పరీక్షకు తయారవుతున్నారు. ఒకతె డాక్టరు వేషం, ఇంకొకతె పేషెంటు వేషం. పేషెంటు అయిన పిల్ల గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నాకు క్యాన్సరని తెలిసినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు డాక్టర్" అంది. ఎంత బాగా అందంటే, పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న నేను ఉన్నపళంగా లేచి గోడను అరచేత్తో ఫట్టున కొట్టాను. ఇద్దరూ అదిరిపడ్డారు.

"బల్లి ఉందా మేడమ్?" అంది డాక్టరు పిల్ల.

"ఆఁ, బల్లే" అన్నాను. ఇంకేం చెప్పను? ఆ మాట నీకు తగలకుండా గోడకు పంపించానమ్మా అంటే, పెద్ద మేడమ్‌కు మతి చలించిందని ఆస్పత్రంతా టముకు వేస్తారు.

గోడను అట్లా కొట్టడం నాకు అలవాటు చేసిన ఆయన ఇప్పుడు లేరు. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి ఏదైనా రాస్తే, ఆ రాతలో ఎక్కడో ఒక చెడ్డమాట ఉంటే, అది పేరును పట్టుకుని మనిషి దాకా నడిచి వస్తుందని ఆయన నమ్మకం. పోయిన మనిషికి ఇంకేం తగులుతుందిలే అని మీరనవచ్చు, నేను మాత్రం అనను. ఆదోనిలో అందరూ ఆయన్ను సార్ అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక చిన్న ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరును. పీజీ చదువు అయిపోయింది. థియరీ గట్టెక్కింది, ప్రాక్టికల్‌లో తప్పాను. రెండోసారి కూడా తప్పితే థియరీ మళ్ళీ మొదటి నుంచి రాయాలి. అంటే పడిన పాట్లన్నీ గంగపాలే. ఎమ్మిగనూరులో మా అమ్మ అప్పటికే వీధి వీధంతా నన్ను పెద్ద డాక్టరును చేసి కూర్చోబెట్టింది. తప్పిన సంగతి కాకికి కూడా తెలియనివ్వలేదు. వారం వారం ఫోన్ చేసి, మగ్గం చప్పుడు మీదుగా, "ఏం పాపా, ఈసారన్నా అయితాదా?" అని అరిచేది. అయితాదమ్మా అనేదాన్ని. 

ఆ ప్రాక్టికల్ ఎట్లా ఉంటుందంటే, వరసగా గదులు. ఒక్కో గదిలో ఒకరు పేషెంటులాగా నటిస్తూ కూర్చుని ఉంటారు. వాళ్ళకు రోగం ఉండదు, ఏం చెప్పాలో ముందే నేర్పి ఉంటారు. మూలన పరీక్షకుడు మార్కులు వేస్తూ ఉంటాడు. గంట మోగితే లోపలికి, మళ్ళీ గంట మోగితే బయటికి, పక్క గదికి. మొదటిసారి నేను తప్పిన గదిలో ఒకావిడ కూర్చుని ఉంది. ఆమె భర్తకు క్యాన్సరు లివరంతా పాకిందని ఆమెకు చెప్పాలి. చెప్పాను. ఒక్క గుక్కలో, తరిమినట్టుగా చెప్పేశాను. ఆవిడ తల వంచుకుని ఊరుకుంది. గదిలో చప్పుడు లేదు.  "ఏం కాదులేమ్మా, భయపడొద్దు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. మూలన కలం ఆగిపోయింది. లివరంతా పాకిన క్యాన్సరు, ఏం కాదట!

తప్పు నా ఒక్కదానిదే అంటే నేనొప్పుకోను. మాది నేత ఇల్లు. పుట్టిన దగ్గర నుంచి చెవి పక్కన మగ్గం ఆడుతూ ఉంటే మనిషి గొంతు దాన్ని దాటాలి కదా. నూలు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోపల చెప్పాల్సింది చెప్పేయాలి. మా వీధి ఆడవాళ్ళు "అన్నం తిన్నావా" అని అడిగినా కొత్తవాళ్ళకు కొట్లాటలాగే వినిపిస్తుంది. ఇంకో సంగతి. మగ్గం ఆగి ఇల్లు నిశ్శబ్దమైందంటే మాకు భయం. నూలు లేదనో, పని లేదనో, ఎవరికో ఏదో అయిందనో అర్థం. మా నాయన పోయిన రోజు నేను బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే తెలుసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. మా ఇంటి వైపు నుంచి చప్పుడు రాలేదు, అంతే. అందుకే ఎదుటి మనిషి మాట్లాడకుండా కూర్చుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది. ఏదో ఒకటి వాగి ఆ ఖాళీని పూడ్చేస్తాను. నోటికి ఎప్పుడూ దొరికే మాట ఒక్కటే, ఏం కాదులే.

సార్ వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. కింద సార్, ఆయన భార్య. ఆమెను నేను అమ్మ అనేదాన్ని. సార్ ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనారు. వాళ్ళ పెద్దలు మంత్రాలయం వైపు ఒక గుడి సేవలో ఉన్నవాళ్ళట. భార్యాభర్తలు తమలో తాము కన్నడం మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగు. ఒక్కగానొక్క కూతురు బళ్ళారిలో కాపురం. సార్ చొక్కాకు మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకునేవారు, ఆదోని ఎండల్లో కూడా. గొడుగు లేనిదే వీధి గడప దాటేవారు కారు.

ఒకరోజు మధ్యాహ్నం గది తలుపు మూసుకుని నేనే డాక్టరు, నేనే పేషెంటు అయ్యి అభ్యాసం చేస్తున్నాను. మా ఇంటి గొంతు ఉండనే ఉంది. "మీకు క్యాన్సర్ ఉందండీ!" అన్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తీస్తే సార్, చేతిలో గొడుగు. వెనక అమ్మ, చేతిలో గరిటె.

"ఎవరికి తల్లీ?" అన్నారు సార్, గడప బయటే నిలబడి.

"ఏమిటి సార్?"

"అదే, నువ్వు అరిచినావు గదా. ఆ రోగం. ఎవరికి?"

"ఎవరికీ లేదు సార్, పరీక్షకు."

"పరీక్షకు రోగమా?"

సంగతంతా చెప్పాను. తప్పిన ముచ్చట కూడా చెప్పేశాను, మా అమ్మకు తెలిస్తే తంతుంది. సార్ గొడుగు మీద రెండు చేతులూ ఆనించి విన్నారు. "అంటే లేని రోగాన్ని ఉందని చెప్పి, లేని మనిషికి ధైర్యం చెప్పాల. దానికి మార్కులు. ఏం కాలమొచ్చెనప్పా!" అన్నారు. పోబోయి మళ్ళీ తిరిగి, "ఒక్కదానివే రెండు వేషాలెందుకు? రేపట్నుంచి కిందికి రా. పేషెంటుగా నేను కూసుంటా. నా సర్వీసంతా పిల్లోళ్ళ కడుపునొప్పులు ఇన్న్యాను. నొప్పి లేనోడు నొప్పి అని ఎట్ల చెప్తాడో నాకంటే ఎవురికి తెలుసు?" అన్నారు.

మర్నాడు కిందికి పోతే మొదటి కేసులోనే బండి ఆగిపోయింది. ఛాతీ నొప్పి కేసు. సార్, మీరు 'నాకు గుండెల్లో నొప్పి' అనాలి అన్నాను.

"ఎవరికి?"

"మీకే సార్."

"నాకా! శాంతం పాపం, శాంతం పాపం." రెండు చెవులూ పట్టుకున్నారు. "పైన తథాస్తు దేవతలు తిరుగుతాంటారు తల్లీ. నాకు నొప్పి అని నేనంటా. తథాస్తు అని వాళ్ళంటారు. ఇది ఉత్త పరీక్ష అని వాళ్ళకు నువ్వు పోయి చెప్తావా?"

"పోనీ పేరు మారుద్దాం సార్. మీరు ఈరన్న అనుకోండి."

"పాలు పోసేటోని పేరు ఈరన్న. వానికి పిల్లలు చిన్నోళ్ళు."

"హనుమంతు?"

"ఎదురింటాయన."

"నాగప్ప?"

"బాగా చెప్పినావు. ఆదోనిలో రాయి ఇసిరితే నాగప్పకే తగుల్తాది."

ఏ పేరు అనుకున్నా ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటోంది. ఆయన హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచారు. పడమటి వైపు ఒక పొడుగాటి గోడ ఉండేది, దాని మీద పటం గానీ క్యాలెండరు గానీ లేదు. దాని ముందు ఆగిపోయారు. "గోడప్ప" అన్నారు. "ఊరు చిప్పగిరి. పత్తి యేస్తాడు, శనగ యేస్తాడు. రోగమేదైనా వానికే. ఏ తల్లీ బిడ్డకు గోడప్ప అని పేరు పెట్టదు గాబట్టి మనుషులకు తగలదు."

అట్లా పుట్టాడు గోడప్ప. రోజూ సాయంత్రం నాలుగు దాటాక సార్ లోపలి గదిలోకి పోయి, భుజాన తువాలు వేసుకుని గోడప్పగా బయటికి వచ్చేవారు. కుర్చీ నిండా కూర్చునే మనిషి, గోడప్ప అయితే కుర్చీ అంచున కూర్చునేవారు, ఎవరో లేపుతారేమోనని చూస్తూ. ఎన్ని సార్లు అడిగినా రోగం మొదట చెప్పేవారు కాదు. చిప్పగిరిలో బస్సు దొరకని సంగతి, గేదె ఈనిన సంగతి, బామ్మర్ది చెప్పులు మాయమైన సంగతి చెప్పేవారు. నేను మధ్యలో తుంచితే తువాలు తీసేసి సార్ అయిపోయేవారు. "వచ్చిన దారి చెప్పనీ తల్లీ. దారి ఐపోతే రోగం దగ్గరికే వస్తాడు, యాడికి పోతాడు?" అనేవారు. నేను కాలు ఊపితే ఇంకా కోపం. "కాలు! కాలు! నువ్వు ఊపుతాంటే నాకు బస్సు పోతాదేమో అనిపిస్తాంది. బయటికి పోయి మళ్ళా రా." నేను పోయి తలుపు తట్టి మళ్ళీ వచ్చేదాన్ని. కేసు అయిపోగానే లేచి, గోడను అరచేత్తో ఫట్టున కొట్టి, "పో, నీది నీకే" అనేవారు. నా చేత కూడా కొట్టించేవారు.

గంట కోసం పూజ గంట అడిగాను. రోగాలకు దేవుని గంటా అని కసిరారు. అమ్మ వంటింట్లోంచే, "పప్పు పెడ్తాండాను, విజిలుకు లేయండి" అంది. అప్పటి నుంచి కుక్కరే మా గంట. అమ్మ ఎప్పుడూ హాల్లోకి వచ్చేది కాదు. వంటింటి గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనో పూలు కట్టుకుంటూనో ఉండేది. అయితే నేను తడబడినప్పుడల్లా విజిలు ఆలస్యంగా వచ్చేది. సార్ పసిగట్టారు. "మంట తగ్గిస్తాండావు నువ్వు! ఆడ పరీక్షలో ఎవరన్నా తగ్గిస్తారా?" అని అరిచారు. "పప్పు బాగా ఉడకాలని" అంది అమ్మ. ఆ నెలల్లో ఆ ఇంట్లో పప్పు పేస్టులాగా ఉండేది.

దీపం పెట్టే ముందే అంతా ముగిసిపోవాలి. ఆ తరువాత ఆ ఇంట్లో దగ్గు అన్న మాట కూడా వినపడకూడదు. అసలు ఆ ఇంటి మాటలే వేరు. బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరింది అనరు, కొండెక్కింది అంటారు. బయటికి పోతూ పోతాను అంటే ఊరుకోరు, పోయొస్తాను అనాలి. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళు అట్లాగే అంటారు గానీ సార్ దగ్గర అది చట్టం. వానాకాలం వచ్చి ఆ గోడకు చెమ్మ ఎక్కి పసుపుపచ్చగా ఉబ్బితే, వేలు పెట్టి చూపించి, "సూడు, మొన్న నువ్వు తేల్చిన కామెర్లు" అన్నారు. నవ్వుతున్నారో నిజంగానే అంటున్నారో నాకు తెలియలేదు.

పరీక్ష దగ్గర పడేకొద్దీ నాకు నవ్వు తగ్గిపోయింది. పొద్దున బొరుగుల ఉగ్గాని నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. ఆస్పత్రిలో ఏ గంట మోగినా లేచి నిలబడేదాన్ని. వీధిలో ఎవరింట్లో కుక్కరు కూత పెట్టినా తలుపు వైపు నడిచేదాన్ని. సగం కేసులు బాగానే వస్తున్నాయి. ఒక్కటే, చెడ్డవార్త చెప్పే కేసు వచ్చిందంటే నాలుక నా మాట వినేది కాదు.

ఒకరోజు ఆ కేసే. గోడప్పకు ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. నేను వరసగా చెప్పుకుంటూ వచ్చాను, ఫర్వాలేదు అనుకుంటున్నాను. గోడప్ప తువాలుతో మూతి తుడుచుకుని, "మా పిల్లోని పెండ్లి అనుకుంటాండామమ్మా. ఈ పంట చేతికొచ్చినాక పెట్టుకోవచ్చునా?" అన్నాడు. అని ఊరుకున్నాడు. నన్నే చూస్తూ ఊరుకున్నాడు. చప్పుడు లేదు. వంటింట్లో కూడా చప్పుడు లేదు.

"ఏం కాదులే అన్నా. పెట్టుకోవచ్చు" అన్నాను.

సార్ తువాలు తీసి కుర్చీ మీద విసిరికొట్టారు. అంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. "ఏం కాదంటివి గదా. నేనిప్పుడు ఇంటికి పోయి ఏం చేస్తానో తెల్సునా నీకు? పెండ్లి వచ్చే ఏడుకు జరుపుతా. ఈ ఏడు చేనుకు బోరేపిస్తా. పట్టాపాసుపుస్తకం యాడుందో నా పెండ్లానికి చెప్పను, ఏం కాదన్నారు గదా, చెప్పేదెందుకు? నాలుగు నెల్లకు నేను పోతా. బోరు సగంలో, పిల్లోని పెండ్లి గాల్లో, ఆయమ్మ పెట్టెలన్నీ తిరగేస్తా ఏడుస్తాంటాది. నువ్వొక మంచిమాట చెప్పినావు గదా, దానికి!"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు రోషమూ వచ్చింది. "మీరు మాత్రం బియ్యం అయిపోయినాయని కూడా అనరు గదా సార్! నన్ను మాత్రం క్యాన్సరు అని మొగం మీద చెప్పమంటాండారు" అన్నాను.

ఆయన తువాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. గొంతు తగ్గించి, "నిండుకున్నాయి అని ఆమె అంటే నేను సంచి పట్టుకుని అంగడికి పోతా తల్లీ. మాట మెత్తనే గానీ సంగతి తెలిసిపాయ. నువ్వు ఏం కాదంటే నేను యాడికి పోవాల?" అన్నారు.

 ఆ రోజు గోడను కొట్టడం కూడా మర్చిపోయి పైకి పోయాను. మెట్ల మీద ఉండగా కింద ఫట్టున చప్పుడు వినిపించింది, నా బదులు ఆయనే కొట్టారు.

ఆ తరువాత కాస్త మెరుగయ్యాను. చెప్పాల్సింది చెప్పి నోరు మూసుకోవడం నేర్పించడానికి సార్ ఒక ఉపాయం చేశారు. నేను నోరు తెరవబోతే గోడప్ప చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఇప్పుడు వంతు నాది. నన్ను కొంచెం సేపు బాధపడనీ" అనేవాడు. కూర్చోలేక నా చేతివేళ్ళు నేనే నులుముకునేదాన్ని. అయినా కూర్చునేదాన్ని.

ఒక్క కేసు మిగిలిపోయింది. అన్నిటికంటే నాకు భయమైనది అదే, చనిపోయినవాళ్ళ బంధువుకు ఆ సంగతి చెప్పే కేసు. దాన్లో నియమం ఏమంటే చుట్టూ తిప్పకూడదు. లేరు, వెళ్ళిపోయారు, దేవుని దగ్గరికి పోయారు, ఇవేవీ పనికిరావు. చనిపోయారు అని ఆ మాటే అనాలి. తెలియనట్టు ఉండిపోయే సందు బంధువుకు ఇవ్వకూడదు. ఈ కేసు చేద్దాం సార్ అంటే ఆయన తల అడ్డంగా ఊపారు.

"రోగం ఏదైనా తెచ్చుకో. అది మాత్రం ఈ ఇంట్లో వద్దు."

"గోడప్పకే గదా సార్!"

"గోడ కూలితే ఎవరి మీద పడ్తాది? మన మీదే."

బతిమాలాను. ఇదే వస్తే నేను అయిపోతాను సార్, అసలు నోరే రాదు అన్నాను. రేపు సూద్దాం అన్నారు. మర్నాడు వాత జ్వరం కేసు పెట్టుకున్నారు, ఆ పై రోజు పక్షవాతం. నేను మళ్ళీ అడిగితే ఏదో పని ఉన్నట్టు గొడుగు తీసుకుని బజారుకు పోయారు. చెప్పుకుంటే నవ్వుతారు గానీ ఆ కొద్ది రోజులు ఆయన మీద నాకు నిజంగా కోపంగా ఉండింది. ఇంత చేసిన మనిషి ఈ ఒక్క మాట దగ్గర మొండికేయడం ఏమిటి, నా బతుకు కంటే ఆయన నమ్మకం ఎక్కువా అనుకున్నాను.

ఫలితం కోసం ఆత్రపడేవాళ్ళు ఉంటారు గనుక చెప్పేస్తున్నాను, ఆ పరీక్ష పాసయ్యాను. ఏ గదిలో ఎవరికి ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నది దానికి కొన్ని రోజుల ముందు జరిగినది.

పొద్దున డ్యూటీకి వచ్చి తెల్లకోటు తొడుక్కుంటున్నాను. బయట ఆటో వచ్చి ఆగింది. కొళాయి నీళ్ళు వచ్చే రోజు అది, బిందె ఎత్తుతూ సార్ వాకిట్లోనే కూలిపోయారట. స్ట్రెచర్ మీద చూస్తే చొక్కాకు మెడ దగ్గర గుండీ పెట్టే ఉంది. నేనే విప్పాను. ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాను. మా పెద్ద డాక్టరు గారు పరుగెత్తుకొచ్చారు. షాకు ఇచ్చాము, ఇంజెక్షన్లు ఇచ్చాము, చేతులు మార్చుకుంటూ నొక్కాము. తెర మీద గీత లేవలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇక చాలు అన్నారు.

"వాళ్ళావిడ ఒక్కతే ఉంది బయట. నీకు కావలసినవాళ్ళు కదా. నువ్వు ఉండు, నేను చెప్తాలే" అన్నారు.

సరే సార్ అని నోటి దాకా వచ్చింది. నిజం చెప్తున్నాను, వెనక తలుపు వైపు చూశాను. ఆ తలుపు తీస్తే ఆస్పత్రి వెనక సందు, సందు దాటితే బస్టాండు, ఎమ్మిగనూరు బస్సు ఎక్కితే గంటలో మా అమ్మ దగ్గర ఉంటాను.  కానీ బయట ఒక్కతే కూర్చున్న సార్ వాళ్ళ అమ్మను తలుచుకున్నాను. పెద్ద డాక్టరు గారైతే ఆమెకు తెలియని గొంతుతో చెడ్డవార్తను, ఇంగ్లీషు ముక్కలు కలిపి చెప్తారు. ఆవిడకు సగం అర్థమవుతుంది, మిగతా సగానికి నా మొహం చూస్తుంది. ఎట్లాగూ నన్నే చూస్తుంది. వద్దు సార్, నేనే చెప్తాను అన్నాను.

అమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో వైరు బుట్ట. సార్ చెప్పులు రెండూ బుట్ట పక్కన పెట్టుకుంది, ఆటోలో ఊడిపోయి ఉంటాయి. నన్ను చూసి లేవబోయింది. నేను ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె స్టూలు వైపు చూసింది, నా వైపు చూసింది. అట్లా ఎదురుగా కూర్చోవడం ఏ కేసుకో ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ వంటింటి గడప మీద కూర్చుని విన్నది అదే.

"అమ్మా, సార్ సంగతి..." అన్నాను. 

ఆమె నా మోకాలి మీద చెయ్యి పెట్టింది. నేను కాలు ఊపుతున్నానని అప్పుడు తెలిసింది.

"నిదానంగా చెప్పు తల్లీ. నేను యాడికీ పోను" అంది.

"సార్‌ని లోపలికి తెచ్చేటప్పటికే గుండె ఆగిపోయిందమ్మా. మళ్ళా కొట్టుకునేటట్టు చెయ్యాలని చానా సేపు చూసినాము. కాలేదు." ఇక్కడ ఆగిపోయాను. ఇంకొక్క మాట ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అననిది, నన్ను కూడా అననివ్వనిది. "సార్ చనిపోయినారమ్మా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. వీధిలో పత్తి లారీ ఒకటి పోయింది, ఆ చప్పుడు కూడా అయిపోయింది. ఏం కాదులే అమ్మా అన్న మాట నా పళ్ళ దాకా వచ్చింది. పళ్ళు బిగించి కూర్చున్నాను. మా నాయన పోయిన రోజు వీధి మలుపులో నిలబడ్డప్పుడు ఎట్లా ఉండిందో అట్లాగే ఉంది లోపల. అయినా లేవలేదు, మాట్లాడలేదు. ఆమె చేతిని పట్టుకుని, ఆమె ఎంతసేపు ఊరుకుంటే అంతసేపు ఊరుకున్నాను.

ఎప్పటికో ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. బుట్టలో చెయ్యి పెట్టి నీళ్ళ సీసా తీసింది. ఆటో ఎక్కే ఆ గాబరాలో కూడా, ఆయనకు తెలివి వస్తే అడుగుతారని నింపుకుని తెచ్చినట్టుంది. మూత తీసి నా చేతిలో పెట్టింది.

"తాగు తల్లీ" అంది.

ఆయన కోసం తెచ్చిన నీళ్ళు. తాగాను.